ఉమ్మనీరు ఎక్కువైన రోజుల్లో మా బిడ్డను కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు

అందరికీ నమస్కారం. గుంటూరు కొత్తపేటలోని ఆసుపత్రిలో మాకు ఆడపిల్ల పుట్టింది. బరువు 3.2 కేజీలు. తల్లీబిడ్డా క్షేమం. ఫోన్ చేసినవాళ్లందరితో విడివిడిగా మాట్లాడలేకపోయాను, అందుకే ముందు ఈ మాట చెప్పేస్తున్నా.

ఏడో నెల దాటాక మా ఆవిడకు ఉమ్మనీరు ఎక్కువగా ఉందని తేలింది. అప్పటి నుంచి కాన్పు దాకా మాకు సాయపడినవాళ్లకు పేరుపేరునా థాంక్స్ చెప్పాలనే ఉంది. కానీ వాళ్లను అడక్కుండా పేర్లు రాయడం బాగుండదు. ఎవరి గురించి రాశానో వాళ్లకు తెలుస్తుంది. వీళ్లలో చాలామంది చేసిన పని పైకి ఏమీ చేయనట్టే ఉంటుంది. నీరు తగ్గడానికి ఒక్క మాత్ర ఇవ్వలేదు, ఒక్క ఇంజక్షన్ చేయలేదు. బిడ్డను కనిపెట్టుకుని ఉన్నారు, అంతే. అదెంత పనో పక్కన కూర్చుని చూశాను కాబట్టి రాస్తున్నా.

మొదటి నమస్కారం మా అత్తగారి వీధికి వచ్చే ఏఎన్ఎం గారికి. మేం ఉండేది విజయవాడ పటమటలో. తొలి కాన్పు కదా, సీమంతం అయ్యాక మా ఆవిడ బ్రాడీపేటలో పుట్టింటికి వెళ్లింది. పొట్ట పెద్దగా ఉందని చూసినవాళ్లందరూ అంటూనే ఉన్నారు. కవలలేమో అని ఒకరు, మగపిల్లాడే అని ఇంకొకరు. ఏఎన్ఎం గారు మాత్రం టేపు తీశారు. ఐదో నెల దాటాక పొట్ట ఎత్తు సెంటీమీటర్లలో దాదాపు ఎన్ని వారాలైతే అంత ఉంటుందట. 31 వారాలకు 36 వచ్చింది. మళ్లీ ఒకసారి కొలిచి, "ఇది ఊరికే వదిలేసేది కాదమ్మా, రేపే స్కానింగ్‌కి తీసుకెళ్లండి" అని మా అత్తగారితో చెప్పారు. మర్నాడు వెళ్లారో లేదో ఫోన్ చేసి మరీ కనుక్కున్నారు.

స్కానింగ్ చేసిన చోట కాగితం చేతిలో పెట్టి పంపేశారు. అందులో ఉమ్మనీటి అంకె 31 అని ఉంది. ఆ సాయంత్రం నేను ఫోన్‌లో వెతికి చదివినవి ఇక్కడ రాయను, చదివినకొద్దీ చెమటలు పట్టాయి. ఇంట్లో మాత్రం పెద్ద పంచాయితీ. మంచినీళ్లు తగ్గించమని ఒక పెద్దమ్మ, ఉప్పు మానేయమని ఇంకొకరు. డాలస్‌లో ఉన్న మా బాబాయి కొడుకైతే, "సూదితో ఆ నీరు తీసేస్తే అయిపోతుంది కదా, మీ డాక్టర్ ఎందుకు తీయట్లేదు?" అని.

డాక్టరమ్మ గారికి ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. ఓపీ కిటకిటలాడుతున్నా మా ఇద్దరినీ కూర్చోబెట్టి, చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. పొట్టను నాలుగు భాగాలుగా అనుకుని, ఒక్కో భాగంలో బిడ్డ కాళ్లూ చేతులూ, బొడ్డుతాడూ అడ్డం లేనిచోట నీటి లోతు సెంటీమీటర్లలో కొలుస్తారు. ఆ నాలుగూ కలిపితే వచ్చే అంకె 24 దాటితే ఎక్కువ అంటారు. 30 దాకా స్వల్పం, 30 నుంచి 35 లోపు మధ్యస్థం, ఆపైన తీవ్రం. మాది మధ్యస్థం. ఆ నీటిని బిడ్డ మింగుతుంది, మూత్రంగా మళ్లీ అందులోకే వదులుతుంది. మింగడం తగ్గినా నీరు పెరుగుతుంది, మూత్రం ఎక్కువైనా పెరుగుతుంది. తల్లి మంచినీళ్లు మానేసినంత మాత్రాన తగ్గేది కాదు. ఈ ముక్క విన్నాక మా ఆవిడ పెద్దమ్మ ఎదుటే చెంబెడు నీళ్లు తాగింది.

తర్వాత కారణం వెతకడం మొదలైంది. తల్లికి షుగర్ ఉంటే బిడ్డకు మూత్రం ఎక్కువ వస్తుంది కాబట్టి 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం తీశారు. 140 లోపే వచ్చింది. స్కానింగ్‌లో బిడ్డ కడుపులో నల్లటి బుడగ ఒకటి కనబడాలట, అంటే మింగిన నీరు కడుపులోకి చేరుతోందని. కనిపించింది. అలాంటివి రెండు పక్కపక్కనే ఉంటే చిన్నపేగు మొదట్లో అడ్డం ఉందేమో అని అనుమానించాలి. మాకు ఒకటే ఉంది. బిడ్డకు రక్తహీనత ఉన్నా నీరు పెరగొచ్చని, మెదడుకు వెళ్లే రక్తనాళంలో వేగం డాప్లర్‌తో చూశారు. అదీ బాగానే ఉంది. చివరికి కారణం దొరకలేదు. చాలామందిలో దొరకదనీ, స్కానింగ్‌కి అందనివి కొన్ని పుట్టాకే తెలుస్తాయనీ ఆవిడ దాచకుండా చెప్పారు. మా డాలస్ తమ్ముడి ప్రశ్న కూడా అడిగేశాను. ఆవిడ నవ్వారు. "తీసినా మళ్లీ ఊరుతుందండీ. తీస్తున్నప్పుడు నొప్పులు రావచ్చు, ఉమ్మనీటి సంచి చిట్లవచ్చు. నీరు బాగా ఎక్కువై, తల్లికి ఊపిరాడకపోతేనో, అసలు భరించలేకపోతేనో తీయమని అమెరికా నిపుణుల సంఘమే 2018లో చెప్పింది. మీ తమ్ముడికి చెప్పండి" అన్నారు. చెప్పాను. వాడు రెండు రోజులు ఫోన్ చేయలేదు.

32వ వారం దాటాక వారం వారం ఎన్ఎస్టీ, అంటే బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీతగా తీసే పరీక్ష. ఈ పోస్టు ముఖ్యంగా ఎవరి కోసమో ఆ సిస్టర్ గారి దగ్గరికి ఇప్పుడు వచ్చాను. పొట్టకు రెండు బెల్టులు కడతారు. ఒకటి బిడ్డ గుండె చప్పుడుకి, ఇంకోటి పొట్ట బిగుసుకోవడం తెలియడానికి. గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకోవాలి. ఇరవై నిమిషాల్లో కనీసం రెండుసార్లు, ఒక్కోసారి 15 సెకన్లకు తగ్గకుండా, ఆ వేగం 15 దెబ్బలైనా పైకి లేవాలి. బిడ్డ నిద్రలో ఉంటే ఇంకో ఇరవై నిమిషాలు ఆగి చూస్తారు. చెప్పుకోవడానికి ఇంతే. కానీ నీరు ఎక్కువున్న పొట్టలో బిడ్డ కృష్ణా కాలువలో చేపపిల్లే. బెల్టు కట్టి ఇటు తిరిగేలోగా అటు జారిపోతుంది, కాగితం మీద గీత తెగిపోతుంది. వెల్లకిలా పడుకుంటే మా ఆవిడకు ఆయాసం, ఎడమవైపు ఒత్తిగిల్లితే బెల్టు వదులు. సిస్టర్ గారు బెల్టు తీసేసి, గుండె చప్పుడు వినే బిళ్లను చేత్తోనే పట్టుకుని, బిడ్డ ఎటు జారితే అటు జరుపుతూ గీత అయ్యేదాకా వంగి నిలబడేవారు. ఒక్కసారి కాదు, వెళ్లిన ప్రతిసారీ. బయట ఇంకా నలుగురు ఎదురుచూస్తుండేవారు. కుర్చీ వేయబోతే, "కూర్చుంటే చెయ్యి అందదండీ" అనేవారు. ఒకసారి ఎంతకీ గుండె వేగం పైకి లేవలేదు. మాకు టెన్షన్. ఆవిడ మాతో ఒక్క మాట అనకుండా డాక్టరమ్మకు కబురు పెట్టి, వెంటనే స్కానింగ్ చేయించారు.

ఆ స్కానింగ్‌లో మార్కులు వేస్తారు. బిడ్డ కదలికలు, కాళ్లూ చేతులూ ముడిచి చాపడం, ఊపిరి తీస్తున్నట్టు ఛాతీ ఆడటం, నీరు, ఎన్ఎస్టీ గీత, ఒక్కోదానికి రెండు చొప్పున పదికి. నీరు మరీ తగ్గిందా అన్నదే ఇందులో చూస్తారు కాబట్టి ఆ రెండు మార్కులు మాకు కళ్లు మూసుకుని వచ్చేవి! ఆ రోజు పదికి ఎనిమిది వచ్చాయి. పర్వాలేదన్నారు. మర్నాడు మళ్లీ గీత తీస్తే చక్కగా లేచింది.

ఇంట్లో కనిపెట్టుకున్నది మా అత్తగారు. అన్నం తిన్నాక కూతుర్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, బిడ్డ కదిలినప్పుడల్లా క్యాలెండర్ మీద గీత పెట్టేవారు. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే రాత్రయినా ఆసుపత్రికి రమ్మన్నారు డాక్టరమ్మ. ఎదురింటి మాస్టారు కారు తాళం మా గుమ్మం పక్క మేకుకే తగిలించి ఉంచారు. నీరు ఎక్కువున్నప్పుడు ఉన్నట్టుండి ఉమ్మనీరు పోతే బొడ్డుతాడు బిడ్డకంటే ముందు కిందికి జారే ప్రమాదం ఉంది. అలా జరిగితే నిమిషాలతో పని. నేను పటమట నుంచి బయల్దేరి కాజ టోల్‌గేట్ దాటి వచ్చేదాకా ఆగే పరిస్థితి కాదు. మాస్టారూ, ఆ నెలంతా మీరు ఎక్కడికి వెళ్లినా బస్సులోనే వెళ్లారని తర్వాత తెలిసింది.

ఆ నీటిలో బిడ్డ ఒక వారం అడ్డంగా, ఇంకో వారం ఎదురుకాళ్లతో, చివరికి తల కిందికి తిరిగింది. 39 వారాలు నిండాక నొప్పులు వచ్చేట్టు చేశారు. ఉమ్మనీటి సంచిని ఒక్కసారిగా చీల్చకుండా, ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా పెట్టుకుని, నీరు మెల్లగా పోయేట్టు చేశారట. ఒకరు పొట్ట పైనుంచి బిడ్డ తలను పట్టి ఉంచారు, మన సిస్టర్ గారు గుండె చప్పుడు వింటూనే ఉన్నారు. మామూలు కాన్పే అయింది. పిల్లల డాక్టర్ గారు పాలు పట్టకముందే సన్నటి గొట్టం నోట్లోంచి కడుపు దాకా పంపి, అన్నవాహిక తెరిచే ఉందని తేల్చాక పాపను తల్లి పక్కన పెట్టారు.

బాగా సాగిన గర్భసంచి కాన్పయ్యాక వెంటనే ముడుచుకోక రక్తం ఎక్కువ పోవచ్చని ముందే చెప్పారు. మా ఆవిడది బీ నెగటివ్. రక్తం కావాలని పెట్టిన మెసేజ్ చూసి ఇద్దరు వచ్చారు, తెనాలి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు, మంగళగిరి నుంచి ఒక మగ్గం పనిచేసే ఆయన. కాన్పుకు ముందే రక్తం ఇచ్చి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఒక సీసా ఎక్కించాల్సి వచ్చింది. ఇద్దరిలో ఎవరిదో నాకు తెలియదు, ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నాది ఓ పాజిటివ్. ఎవరికి కావాలన్నా మొహమాటపడకుండా ఫోన్ చేయండి.

ఉమ్మనీరు ఎక్కువని రిపోర్టు వచ్చి కంగారులో ఉన్నవాళ్లు మెసేజ్ పెట్టినా పలుకుతాను. వైద్యం చెప్పలేను గానీ డాక్టర్‌ని ఏమేం అడగాలో చెప్పగలను. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు, డబ్బుకు జంకి స్కానింగ్ వాయిదా వేయకండి.

బారసాల 21వ రోజున, బ్రాడీపేటలో మా అత్తగారింట్లోనే. ఏఎన్ఎం గారూ, మాస్టారూ, రక్తమిచ్చిన అన్నదమ్ములూ తప్పకుండా రావాలి. సిస్టర్ గారూ, ఆ రోజు మీకు డ్యూటీ ఉందని విన్నాను. మా అత్తగారు మీ హెడ్ సిస్టర్‌తో మాట్లాడి షిఫ్టు మార్పించారు, కోప్పడకండి.