బస్సులో మా అమ్మను ఆదుకున్న అక్కకు

నిన్నటి నుంచి కంటి మీద కునుకు లేదు, అయినా ఇది రాయకుండా పడుకోలేను. అమ్మ కోలుకుంది. పరుగున వచ్చిన తమ్ముడికి, బాబాయికి ధన్యవాదాలు.

చెప్పాల్సింది వెనక సీటులోని అక్క గురించి. అమ్మకు ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు, నా మీద ఉత్తపుణ్యానికి కోపం. నీరసమన్నారొకరు. నోట్లో నీళ్లు పోయబోయారు మరొకరు. ఆ అక్క లేచి వచ్చి, “ఆగండి, షుగర్ పడిపోయినట్టుంది” అని కొత్త సూదితో వేలు గుచ్చి తన మీటరులో చూశారు. 48! 70 కన్నా తగ్గితేనే జాగ్రత్తపడాలి. ఎవరో చాక్లెట్ ఇవ్వబోతే వద్దన్నారు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుందట. అమ్మ మింగగలదని చూసుకున్నాకే 15 గ్రాముల గ్లూకోజు బిళ్లలు నమిలించారు. 15 నిమిషాలాగి చూస్తే 64. మళ్లీ అంతే ఇచ్చారు. ఈసారి 92. ఈలోగా ఆవిడ దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది.

షుగర్ తగ్గి పడిపోతానన్న భయంతో అమ్మ కొంతకాలంగా నడక మానేసింది, షుగర్ ఎక్కువున్నా ఫరవాలేదని రాత్రిళ్లు అదనంగా తింటోంది. “చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నాను పెద్దమ్మా, ఒంటరిగానే ప్రయాణిస్తాను. బిళ్లలు సంచిలో ఉంటే చాలు” అన్నారు అక్క. అమ్మ నవ్వింది! మిగిలిన ప్యాకెట్టు అమ్మ చేతిలో పెట్టి, “గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడేవారికి షుగర్ మళ్లీ పడిపోవచ్చు, ఆస్పత్రికి తీసుకెళ్లండి” అని నా వైపు తిరిగి, “మీరేమైనా తిన్నారా?” అన్నారు. అంతే, నడిబస్సులో భోరుమన్నాను.

ఒక్క మాట అనకుండా ఉండలేను. మూత్రపిండాలు బలహీనపడితే ఆ మాత్ర ప్రభావం ఎక్కువసేపు ఉండి షుగర్ పడిపోవచ్చని నిన్న రాత్రి డ్యూటీ డాక్టరు చెప్పారు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరిగిందన్న రిపోర్టు నెలలుగా అమ్మ ఫైలులోనే ఉంది. ప్రతిసారీ చీటీలో “షుగర్ తగ్గించాలి” అని రాశారే తప్ప, మరీ తగ్గితే ఏం చేయాలో ఒక్క వాక్యమైనా రాయలేదు. ఆ మాట బస్సులో ఒక తోటి రోగి చెప్పాలా?

అక్కా, ఇది మీ కంటపడితే ఒక్కసారి పలకరించండి.

అయ్యో, బస్సును నేరుగా ఆస్పత్రి గేటు దాకా తీసుకెళ్లిన డ్రైవరు గారిని మరిచాను! రాత్రంతా గంట గంటకూ వేలు గుచ్చి చూసిన నర్సమ్మకు కూడా. మా సామాను దింపిన కుర్రాడికీ. ఇంకెవరినైనా వదిలేసి ఉంటే ఏమీ అనుకోకండి, కళ్లు మూతలు పడుతున్నాయి.