చీనీ రైతుల సంఘం, అనంతపురం: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. చీనీ (బత్తాయి) రైతుల కోసం సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే. మార్కెట్ యార్డులో సూట్ (తూకంలో వ్యాపారులు అదనంగా తీసుకునే కాయలు) గొడవ, డ్రిప్ అర్జీలు, తెగుళ్ల మీద శిక్షణ ఎప్పటిలాగే నడిచాయి. ఈ ఏడు గట్టిగా చెప్పుకోవాల్సింది తొక్కల పని.

జ్యూస్ తీశాక కాయ బరువులో దాదాపు సగం తొక్క, పిప్పి కింద పోతుంది. కొంత గొర్రెలకు వేస్తాం, మిగతాది రోడ్డు పక్కన పోస్తాం. ఆ తొక్కలోనే జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ ఉంది. జామ్ సీసా మీద 440 అని కనిపిస్తే అది ఇదే. దాన్ని తీయాలంటే తొక్కను పుల్లటి వేడినీళ్లలో ఉడికించి, వడగట్టి, ఆ కషాయంలో ఆల్కహాల్ పోయాలి. అప్పుడు పెక్టిన్ విరిగి తేలుతుంది. కషాయం పలచగా ఉంటే మాత్రం ఆల్కహాల్ ఖర్చుకే పని మూలపడుతుంది.

అందుకే గార్లదిన్నెలో మన సభ్యుడి షెడ్డులో అల్ట్రాఫిల్టర్ పెట్టి చేసి చూపించాం. అందులో మెంబ్రేన్ అనే అతి సన్న రంధ్రాల పొర జల్లెడలా పనిచేస్తుంది. పెక్టిన్ అణువు పెద్దది కాబట్టి మెంబ్రేన్ దాటలేదు. చక్కెర, పులుపు, ఉప్పులు నీళ్లతోపాటు దిగిపోతాయి. కషాయం చిక్కబడుతుంది, ఆల్కహాల్ తక్కువ పడుతుంది. "మా ఊరి ఆర్వో ప్లాంటే కదా" అన్నారు కొందరు. ఆర్వోలో దిగిన నీళ్లు మనకు కావాలి, ఇక్కడ పైన ఆగిందే సరుకు. అన్నట్టు, వాడకానికి పనికొచ్చే ఆర్వో మెంబ్రేన్‌ను 1960 ప్రాంతంలో అమెరికాలో తయారుచేసిన ఇద్దరిలో ఒకరు మన దేశస్థుడే, శ్రీనివాస సౌరిరాజన్. ఈ మాట చెప్పగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నానికి జిగురు పట్టి మెంబ్రేన్ మూసుకుపోయింది. కాస్టిక్ సోడా నీళ్లతో కడిగాక మళ్లీ నడిచింది. సాయంత్రానికి పళ్లెంలో తెల్లటి పెక్టిన్ చూసినప్పుడు పడ్డ కష్టం మర్చిపోయాం.

షెడ్డు ఇచ్చిన సభ్యుడికి, యంత్రం ఊరికే తెచ్చిన కాలేజీ సార్లకు, వాళ్ల విద్యార్థులకు, జనరేటర్ పంపిన నార్పల మిత్రులకు, ఉగ్గాని బజ్జీ నుంచి మధ్యాహ్నం భోజనం దాకా చూసుకున్న అక్కలకు, మైకు సెట్టు తమ్ముడికి పేరుపేరునా ధన్యవాదాలు.

వాలంటీర్లుగా పేర్లు రాయించినవాళ్లలో చాలామంది సరిగ్గా భోజనాల వేళకే వచ్చారు. తొక్క ఏరి, కడిగి, ఆ పూటే తేవాలని ముందే చెప్పాం. నిన్నటి తొక్క పులిసిపోతుంది, పెక్టిన్ దెబ్బతింటుంది. అయినా కొన్ని బస్తాలు వాసనతోనే వచ్చాయి, పక్కన పడేయాల్సి వచ్చింది. వస్తానన్న అధికారి రాలేదు. యూనిట్ కోసం పెట్టిన అర్జీ ఏ బల్ల మీద ఉందో అడిగితే ఇంకో బల్ల చూపిస్తున్నారు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కాగితాలు కోశాధికారి దగ్గర ఉన్నాయి, చూడదలచినవారు చూడవచ్చు. మిగులు పెద్దగా లేదు.

వచ్చే ఏడు తొక్క సేకరణకు మండలానికి ఇద్దరు కావాలి. పనిచేసేవాళ్లే చేతులెత్తండి. చందా బాకీ ఉన్నవాళ్లు వెళ్లేముందు గుమ్మం దగ్గరి బల్ల వద్ద కట్టి రసీదు తీసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి