మూడు ముప్పావు వడ్డీ అని తెలుగులో రాయమనండి

ఎడిటర్ గారికి,

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ఇరవై రెండేళ్లుగా గుమస్తాగా చేస్తున్నాను. రైతుల తక్‌పట్టీలు, అంటే సరుకు అమ్మకం లెక్క చీటీలు, రాసేది నేనే కాబట్టి వడ్డీ లెక్కలు నాకు కొత్త కాదు. అయినా క్రెడిట్ కార్డు దగ్గర బోర్లా పడ్డాను.

కరోనా రోజుల్లో బండి వాయిదాలు నాలుగు తప్పడంతో నా సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతామా అని బ్యాంకులు చూసే మార్కు, 590కి దిగింది. 900కి 590 అంటే బ్యాంకులో కూర్చోమని కూడా అనరు. నిరుడు మే నెలలో, యార్డుకు సెలవులిచ్చి చేతిలో డబ్బులాడని సమయంలో, క్రెడిట్ కార్డు ఇస్తామని ఒకమ్మాయి ఫోన్ చేసింది. "స్కోరు తక్కువైనా పర్లేదు అంకుల్, డిపాజిట్ కూడా అక్కర్లేదు, పాతిక వేల లిమిట్" అంది. చక్కటి తెలుగు. సంతకాలకి వచ్చిన కుర్రాడు సిబిల్ రిపోర్టు తీయడానికని 250 తీసుకున్నాడు. ఏడాదికోసారి అది ఉచితంగానే ఇవ్వాలని తర్వాత తెలిసింది.

జూన్‌లో మా అమ్మాయి ఇంటర్ ఫీజు 18,000 ఆ కార్డు మీదే కట్టాను. బిల్లులో కనీసం 900 కడితే చాలని ఉంటే అంతే కట్టుకుంటూ పోయాను. మూడు నెలలైనా బాకీ కదలదే! చివరికి మా అమ్మాయే ఫోన్‌లో ఆ చీమ తలకాయంత అక్షరాలు పెద్దవి చేసి, "నాన్నా, నెలకు 3.75 అట" అని చదివింది. ఒక పాత తక్‌పట్టీ వెనక లెక్క వేశాను. 18,000కి నెల వడ్డీ 675, దాని మీద 18 శాతం జీఎస్టీ 121.50. నేను కట్టే 900లో అసలుకు పోయేది 103 రూపాయల యాభై పైసలు.

యార్డులో ఎవరైనా మూడు రూపాయల వడ్డీ అంటేనే ముక్కున వేలేసుకుంటాం. ఇది మూడు ముప్పావు! ఆ మాట మొదటే చెప్పి ఉంటే చీటీ పాడుకునేవాణ్ని.

తోటి గుమస్తా దగ్గర చేబదులు తీసుకుని బాకీ కట్టేశాను. కార్డు మూసేయమంటే పంతొమ్మిది రోజులు తిప్పారు. 7 పనిదినాల్లో మూయాలని, దాటితే రోజుకు 500 చొప్పున ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పిందట. నాకు అప్పుడు తెలియలేదు, అడగలేదు. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ పెడితే స్కోరు లేకపోయినా దాని మీద కార్డు ఇస్తారని కూడా ఈమధ్యే విన్నాను. డిపాజిట్ పెట్టే సొమ్ముంటే కార్డెందుకు అనకండి. చిన్న డిపాజిట్ మీద తీసుకుని నెలనెలా మొత్తం కడితే స్కోరు కోలుకుంటుంది, డిపాజిట్ మీద వడ్డీ మనకే వస్తుంది.

నేనడిగేది ఒక్కటే. కార్డు షరతులు వీలైతే స్థానిక భాషలోనూ ఇవ్వాలని అదే 2022 ఉత్తర్వుల్లో ఉంది. ఆ "వీలైతే" తీసేయాలి. తెలుగులో లేని తక్‌పట్టీ రైతు చేతిలో పెడితే యార్డులో పెద్ద గొడవే అవుతుంది. కార్డు అమ్మేవాళ్లు కూడా దరఖాస్తు మొదటి పేజీలోనే, లిమిట్ అంకె ఎంత పెద్దగా వేస్తారో అంత పెద్దగా, "నూటికి నెలకు మూడు ముప్పావు వడ్డీ, పైన జీఎస్టీ" అని రాయాలి.

ఇట్లు,
ఒక గుమస్తా,
మిర్చి యార్డు, గుంటూరు