అందరూ ఒకటే అన్నావు కదా

అమ్మలూ,

నువ్వు మేనేజర్ అయ్యావని తెలిసినప్పటి నుంచి మీ అమ్మ కాలు నేల మీద నిలవడం లేదు. నాకూ సంతోషమే. కానీ అదే ఫోన్‌లో ఇంకో మాట కూడా అన్నావు. ఆఫీసులో జాతి వివక్ష మీద పెట్టిన ఆన్‌లైన్ ట్రైనింగ్‌ను నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయావట. "నాకు అందరూ ఒకటే నాన్నా, నాకెందుకు అదంతా" అన్నావు. నీ మనసు మంచిదే, కాదనను. కానీ ఇకనుంచి నువ్వు పెట్టే పద్ధతుల మీదే నలుగురి జీతాలు, ప్రమోషన్లు ఆధారపడతాయి. అక్కడ మనసు ఒక్కటే సరిపోదు.

మీ అమెరికాలోనే జరిగిన కేసు ఒకటి చెబుతాను. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ కంపెనీకి ఒక విద్యుత్ కేంద్రం ఉండేది. అక్కడ నల్లజాతి వాళ్లకు లేబర్ విభాగంలో తప్ప చోటు లేదు. ఆ విభాగంలో అందరికన్నా ఎక్కువ జీతం, మిగతా విభాగాల్లో అందరికన్నా తక్కువ జీతం కంటే తక్కువ! 1964 పౌరహక్కుల చట్టం ఇలాంటివి కుదరవంది. ఉద్యోగాలకు సంబంధించిన భాగం 1965 జూలై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజునే కంపెనీ, మంచి విభాగాల్లో కొత్తగా చేరేవాళ్లు హైస్కూల్ డిప్లొమాతో పాటు రెండు పరీక్షలు కూడా పాసవ్వాలంది. ఆ రూల్‌లో రంగు ఊసే లేదు. అందరికీ ఒకటే. కానీ తరాల తరబడి నాసిరకం బడులకు నెట్టేసిన వాళ్లు ఎంతమంది నెగ్గుతారు? పైగా అంతకుముందు డిప్లొమా లేకుండా చేరిన తెల్లవాళ్లు అదే పని చక్కగా చేసుకుంటూనే ఉన్నారు. 1971లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: పనితో సంబంధం లేని అర్హత ఒక జాతిని బయటే ఆపేస్తుంటే, పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదైనా అది చెల్లదు.

చూశావా, "అందరూ ఒకటే" అని ఆ కంపెనీ కూడా అనగలదు.

నువ్వు ఇంటర్వ్యూ చేసేటప్పుడు "మా టీమ్‌లో కలిసిపోతాడా" అని చూస్తానన్నావు. అది ఏ పనికి అర్హతో నాకు అర్థం కాలేదు. మనలా మాట్లాడేవాడే మనలో కలిసిపోతాడనిపిస్తుంది, అంతే. బోస్టన్, షికాగోల్లో ఇద్దరు ఆర్థికవేత్తలు ఒకే రకం రెజ్యూమెలు పేర్లు మార్చి పంపారు. తెల్లవాళ్లవిగా తోచే పేర్లకు సుమారు 50 శాతం ఎక్కువ ఫోన్లు వచ్చాయని 2004లో ప్రచురించారు. ప్రశ్నలు ముందే రాసిపెట్టుకుని అందరినీ అవే అడుగు. మార్కులు వేశాకే, నీతో పాటు ఇంటర్వ్యూ చేసిన మిగతావాళ్లతో మాట్లాడు.

ఇది తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య గొడవ, మనకేం పట్టదు అనుకోకు. 1923లో మన దేశం నుంచి అమెరికాకు వలస వెళ్లిన భగత్ సింగ్ థింద్‌ను తెల్లవాడు కాదని చెప్పి పౌరసత్వానికి అనర్హుడన్నది అదే సుప్రీంకోర్టు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో రావడానికి దారి తెరిచిన 1965 వలస చట్టం, నల్లజాతి వాళ్లు పోరాడి పౌరహక్కులు సాధించుకున్న ఆ రోజుల్లోదే. ఇక మనం తక్కువ తిన్నామా? పక్కన తెలుగు రాని మనిషి ఉండగానే నలుగురం తెలుగులో మాట్లాడుకుని నవ్వుకుంటాం. ఇంటిపేరు అడిగి కులం ఆరా తీస్తాం. కులవివక్షను నిషేధిస్తూ సియాటిల్ నగరం 2023లో చట్టం చేయాల్సి వచ్చిందంటే ఊరికే కాదు.

ఎవరైనా వచ్చి "మీటింగ్‌లో నన్ను చిన్నబుచ్చారు" అంటే, "వాడు అలాంటివాడు కాదులే" అని మాత్రం అనకు. ఆ మాట వింటే మళ్లీ నీ దగ్గరికి రారు. ఏం జరిగింది, ఎప్పటినుంచి అని అడుగు, రాసుకో, తర్వాత ఏం చేశావో వాళ్లకు చెప్పు. మీ టీమ్‌లో ఉన్న ఒక్క నల్లజాతి అమ్మాయి చేత మిగతా అందరికీ పాఠాలు చెప్పించకు. ఆమెను తీసుకున్నది కోడ్ రాయడానికి.

ఇంటర్వ్యూ ప్రశ్నలు రాయడం అయ్యాక నాకూ పంపు. ఏ ప్రశ్న దేనికో అడుగుతాను, విసుక్కోకూడదు.

ఆశీస్సులతో,
నాన్న