సిలికా ధూళి నివేదికను ఉపసంహరించుకోవాలని కోరుతూ ఫిర్యాదు

విజయవాడ,
సెప్టెంబరు 12.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా కార్మికుల పేరిట మీ సంస్థ ఇచ్చిన గాలి పరీక్ష నివేదిక, మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కుంటోందో లేదో చూసే ఫిట్ టెస్ట్ ధ్రువపత్రాలలోని లోపాలు.

అయ్యా,

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఉంటూ కాంక్రీటు ఫ్లోర్ గ్రైండింగ్, కోర్ కటింగ్, చిప్పింగ్ పనులు చేయించే చిన్న కాంట్రాక్టరును. నా దగ్గర 22 మంది పనిచేస్తున్నారు. కొండపల్లి పారిశ్రామికవాడలో ఒక కర్మాగారం గోదాము నేలను అరగదీసి కొత్త పూత వేసే పని జూలైలో మాకు వచ్చింది. కాంక్రీటును అరగదీసినప్పుడు లేచే సిలికా ధూళి నియంత్రణ పత్రాలన్నీ సమర్పిస్తేనే వర్క్ పర్మిట్ ఇస్తామని కర్మాగారంవారు చెప్పారు. ఆ విషయం తెలిసి మీ ప్రతినిధి మా ఆఫీసుకు వచ్చి, గాలి పరీక్ష, ఫిట్ టెస్ట్, శిక్షణ, నియంత్రణ ప్రణాళిక అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా చేసిపెడతామన్నారు. ఆయన మాట నమ్మి 1,85,000 రూపాయలు ముందుగానే చెల్లించాను.

మీరు పంపిన ఫైలును కర్మాగారం సేఫ్టీ ఆఫీసర్ గారు ఆగస్టు చివరి వారంలో తిప్పి పంపారు. ఎందుకు తిప్పి పంపారో ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు గంటలపాటు వివరించారు. పని నిలిచిపోయిన 11 రోజుల నష్టం గురించి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ఫైలులో ఉన్నదాన్ని నా మనుషులు నిజమని నమ్మారు కనుక రాస్తున్నాను.

మొదట గాలి పరీక్ష సంగతి. సిలికా ఎంత పీలుస్తున్నారో తెలియాలంటే గ్రైండర్ పట్టుకున్న మనిషి నడుముకు పంపు కట్టి, కాలరు దగ్గర, అంటే అతని ముక్కుకు అందే గాలిలో, ఫిల్టరును తగిలించాలి. ఊపిరితిత్తుల లోతుకు చేరేంత సన్నని ధూళిని మాత్రమే వేరుచేసే సైక్లోన్ అనే చిన్న పరికరం ఆ ఫిల్టరుకు ముందు ఉండాలి. గాలిలో ఈ ధూళి ఇంతకు మించకూడదనే పరిమితిని ఎనిమిది గంటల సగటుపైన లెక్కిస్తారు కనుక దాదాపు షిఫ్టంతా ఆ పంపు నడవాలి. మీ సిబ్బంది చేసింది వేరు. గ్రైండింగ్ జరుగుతున్న చోటికి 30 మీటర్ల దూరంలో, బయటి గాలి లోపలికి వచ్చే షట్టరు పక్కన బల్లమీద పరికరం పెట్టి, 40 నిమిషాలు నడిపి, మధ్యాహ్న భోజనానికి ముందే సర్దుకుని వెళ్లిపోయారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. తెలియనితనం వల్ల అడ్డుచెప్పలేదు. ఆ తప్పు నాది.

నివేదికలోని లెక్క ఇంకా విచారకరంగా ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రెండవ షెడ్యూలు ప్రకారం పరిమితి నిర్ణయించామని మీరే రాశారు. పీల్చగల సన్నని ధూళిలో క్వార్ట్జ్ (సిలికాలో ఒక రూపం) ఎంత శాతం ఉందో తేల్చి, దానికి 2 కలిపి, వచ్చిన సంఖ్యతో 10ని భాగిస్తే వచ్చేదే ఘనపు మీటరు గాలికి మిల్లీగ్రాములలో పరిమితి అని ఆ షెడ్యూలు చెబుతోంది. క్వార్ట్జ్ 18 శాతం ఉంటే పరిమితి 0.5 మిల్లీగ్రాములు, 38 శాతం ఉంటే 0.25. మీ నివేదికలో క్వార్ట్జ్ శాతం అన్న మాటే లేదు. పరిమితి గడిలో మాత్రం 10 మిల్లీగ్రాములు అని ఉంది. అంటే హారాన్ని వదిలేసి లవాన్నే పరిమితిగా వేశారు. దూరాన తీసిన శాంపిల్‌లో వచ్చిన 0.9ని ఆ 10 పక్కన పెట్టి, పరిస్థితి పూర్తిగా సురక్షితం అని సంతకం చేశారు. ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు చేసినా దిద్దవలసిన లెక్క ఇది. దీన్ని మీ కార్యాలయంలో ఎవరూ చూడకుండానే పంపారా?

ఇక ఫిట్ టెస్ట్. ముందు మాస్కు లేకుండా, పరీక్షకు వాడే చేదు ద్రావణం రుచి మనిషికి తెలుస్తోందో లేదో చూసి, తర్వాత మాస్కు తొడిగి, తలను కప్పే హుడ్ వేసి, అందులోకి ఆ ద్రావణాన్ని చిమ్ముతూ, మామూలుగా, గాఢంగా ఊపిరి తీయిస్తూ, తలను పక్కలకూ పైకీ కిందికీ తిప్పిస్తూ, మాట్లాడిస్తూ, వంగిస్తూ ఒక్కొక్క కదలికకు ఒక నిమిషం చొప్పున పరీక్షించాలని నాకిప్పుడు తెలిసింది. ఒక మనిషికి పావుగంటకు తక్కువ పట్టదు. మీవాళ్లు ఒకే హుడ్‌తో 22 మందికి గంటలోపే ముగించి, అందరికీ ఉత్తీర్ణత పత్రాలు ఇచ్చారు. వారిలో ఐదుగురికి గడ్డం ఉంది. గడ్డం ఉంటే మాస్కు అంచు చర్మానికి అతుక్కోదని శిక్షణలో మీ ఉద్యోగే చెప్పి, ఆ ఐదుగురికీ పత్రాలు ఇచ్చేశారు.

నియంత్రణ ప్రణాళిక గురించి ఎక్కువ రాయను. మూడో పేజీలో మా పని స్థలానికి బదులు మరెక్కడిదో రాతి క్వారీ వివరాలు ఉన్నాయి.

మా మేస్త్రీ గారి గురించి చెప్పకుండా ఉండలేను. ఆయన వయసులో ఉండగా ఏళ్ల తరబడి కంకర మిల్లులో పనిచేశారు. దగ్గు తగ్గక టీబీ మందులు వాడారు. ఆ తర్వాతే, ఊపిరితిత్తుల్లో సిలికా వల్ల మచ్చలు పడ్డాయనీ, వాటిని మాన్పే మందు లేదనీ, ఇకపై ధూళికి దూరంగా ఉండడమే మార్గమనీ డాక్టరు చెప్పారు. అందుకే ఆయనను గ్రైండర్ దగ్గరికి పోనివ్వకుండా లెక్కలు, సరుకు చూసుకోమన్నాను. మీ నివేదిక వచ్చిన మర్నాడు ఆయన మాస్కు జేబులో పెట్టుకుని గ్రైండింగ్ చేస్తున్న కుర్రాళ్ల మధ్య నిలబడి కనిపించారు. అడిగితే, "గాలి బాగానే ఉందని రిపోర్టు వచ్చిందట గదండీ" అన్నారు. మీ కాగితం లేకపోతే ఆయన ఆ మాస్కు తీసేవారు కారు.

కనుక ఈ నివేదికనూ 22 ఫిట్ టెస్ట్ పత్రాలనూ ఉపసంహరించుకుంటున్నట్టు రాతపూర్వకంగా, మా వాళ్లకు చదివి వినిపించడానికి వీలుగా తెలుగులో, మాకూ కర్మాగారానికీ తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. గాలి పరీక్షను గ్రైండర్ పట్టే ముగ్గురి కాలరు దగ్గర పూర్తి షిఫ్టు చేయించి, క్వార్ట్జ్ విశ్లేషణను గుర్తింపు పొందిన ల్యాబులో మీ ఖర్చుతో చేయించాలి. అందుకు సిద్ధంగా లేకపోతే నేను కట్టిన సొమ్ము మొత్తం తిరిగి ఇవ్వాలి. నేను వేరే చోట చేయించుకుంటాను. ఇదే ప్యాకేజీని ఈ చుట్టుపక్కల మరికొందరు కాంట్రాక్టర్లకు ఇచ్చినట్టు మీ ప్రతినిధే గొప్పగా చెప్పారు. పరిమితి గడిలో 10 అని ఉన్న ప్రతి నివేదికనూ వెనక్కి తెప్పించి సరిచేయడం మీ బాధ్యత. నాకు డబ్బు ఇచ్చి ఆ పని మానేస్తే ఒప్పుకోను.

ఈ ఉత్తరం అందిన 15 రోజులలోగా జవాబు రాకపోతే నివేదిక ప్రతినీ, ఆ రోజు షట్టరు దగ్గర మీ పరికరం ఉన్న ఫోటోలనూ జతచేసి ఫ్యాక్టరీల శాఖకు సమర్పిస్తాను. ఈలోగా గ్రైండింగ్ పని ఆపే ఉంచాను.

ఇట్లు,
భవదీయుడు,
పారిశ్రామిక పనుల కాంట్రాక్టరు,
ఆటోనగర్, విజయవాడ.