ఇంటిపేరు తప్పిన ఫైలు దొరికింది: అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు

మా అత్తింటివాళ్ళ హోమ్‌స్టెడ్ ఫైలు, అంటే వాళ్ళ పూర్వీకులకి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన భూమి కాగితాలు, దొరికింది. పోయిన శనివారం మా అమ్మాయి చేతికి పయనీర్ వారసుల సంఘం (ఇక్కడ మొదట్లో వచ్చి స్థిరపడినవాళ్ళ వారసుల సంఘం) సర్టిఫికెట్ కూడా వచ్చింది. సంఘంవాళ్ళకి ఇంగ్లీషులో ఉత్తరం రాసి ఇచ్చేశాను. కానీ ఈ పనిలో ఇక్కడి మన తెలుగువాళ్ళ చెయ్యి కూడా ఉంది. పైగా రెండేళ్ళుగా "ఏమైంది, దొరికిందా?" అని కనపడినప్పుడల్లా అడుగుతున్నారు. అందుకే తెలుగులో ఇంకోసారి.

తెలియనివాళ్ళకి ముందు సంగతి. మా ఆయన వాళ్ళది అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, సలీన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), యూరప్ నుంచి వచ్చిన చెక్ కుటుంబం. 1862 మే 20న అధ్యక్షుడు లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం కింద ప్రభుత్వ భూమి 160 ఎకరాలు ఇచ్చేవారు. ఐదేళ్ళు అక్కడే కాపురం ఉండి, ఇల్లు కట్టుకుని, సాగు చేసి చూపిస్తే పట్టా. ఫీజులన్నీ కలిపితే 18 డాలర్లు. అలా దాదాపు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు పంచారు. చట్టం అమల్లోకి వచ్చిన 1863 జనవరి 1నే డేనియల్ ఫ్రీమన్ అనే ఆయన దరఖాస్తు పెట్టిన నేల బియాట్రిస్ ఊరి దగ్గర ఇప్పుడు జాతీయ పార్కు. అక్కడ కారు పార్కింగ్ జాగాని సరిగ్గా ఎకరం కొలిచి కట్టారు, ఎకరమంటే ఎంతో పిల్లలకి కంటితో చూపించడానికి. గట్టు జరిపాడని అన్నదమ్ములు కోర్టుకెక్కే కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని, నాకా పాఠం అక్కర్లేదనుకోండి.

మా అమ్మాయి నాలుగో తరగతి. ఇక్కడ ఆ తరగతిలో రాష్ట్ర చరిత్ర చెప్తారు. "నాన్నవాళ్ళ భూమి ఎక్కడ?" అంది. మా ఆయన దగ్గర ఉన్నది ఒక ఫొటో, ఒక కథ. 1930ల కరువులో భూమి అమ్మేశారట. ఎక్కడో ఎవరికీ తెలీదు. వంశవృక్షాలు వెతికిపెట్టే ఒక సంస్థకి డబ్బు కట్టాం. మూడు నెలలు తిప్పి ఎవరిదో వేరే కుటుంబం ఫైలు పంపారు. అందులో ఉన్నాయన స్వీడన్ మనిషి.

అప్పుడు వెళ్ళాం సంఘం దగ్గరికి. సంఘం అంటే పెద్ద భవనం అనుకునేరు. పాత దుకాణంలో రెండు గదులు, ఒక స్కానరు, శనివారం పూట వచ్చే నలుగురు పెద్దవాళ్ళు. వాళ్ళలో ఎనభై దాటిన ఒక పెద్దావిడ మా ఇంటిపేరు కాగితం మీద చూసి, మొదటి అక్షరం నెత్తిన చిన్న గుర్తు ఒకటి పెట్టింది. చెక్ భాషలో ఆ గుర్తుంటే "చ", లేకపోతే "ట్స". 1871లో ల్యాండ్ ఆఫీసు గుమాస్తాకి అవన్నీ ఎందుకు? చెవికి ఎలా వినపడితే అలా రాసేశాడు. మేమేమో ఇప్పటి స్పెల్లింగుతో వెతుకుతున్నాం.

మనకి ఇది కొత్తేం కాదు. మా నాన్న పాస్‌పోర్టులో మా ఇంటిపేరు ఒకలా, నా పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకోలా ఉండి వీసా రోజుల్లో నేను పడ్డ పాట్లు గుర్తొచ్చాయి.

"పేరుతో వెతకడం మానెయ్, భూమితో వెతుకు" అందావిడ. అంటే మన లెక్కలో సర్వే నంబరు. ఇక్కడ ఆరు మైళ్ళకి ఆరు మైళ్ళు ఒక టౌన్‌షిప్పు, అందులో 36 సెక్షన్లు, సెక్షనుకి 640 ఎకరాలు, దాంట్లో పావు వంతు మనకిచ్చిన 160. సరే, ఆ నంబరే తెలీదు కదా!

ఇక్కడే ఒమాహాలో కొడుకు దగ్గరికి వచ్చిన బాబాయిగారు దేవుడిలా దొరికారు. గుంటూరులో ముప్ఫై ఏళ్ళు దస్తావేజులు రాసిన మనిషి. ఒక పెళ్ళి భోజనాల దగ్గర నా గోడు విని, "దీనికింత గొడవ ఎందుకమ్మా? అమ్మిన దస్తావేజు పట్టుకో, లింకు డాక్యుమెంట్లు వెనక్కి లాగు" అన్నారు. అనడమే కాదు, విల్బర్ ఊళ్ళో కౌంటీ కోర్టుహౌసుకి మాతో వచ్చారు. అక్కడ అమ్మినవాళ్ళ పుస్తకాలు, కొన్నవాళ్ళ పుస్తకాలు వేరువేరుగా ఉంటాయి. ఒక్కోటి పీట అంత. రిజిస్టరు తిరగేస్తూ ఆయన వేలు ఒక్కో వరస మీద ఎలా జారిందో చూడాలి, పేరు చదవట్లేదు, హద్దులు చదువుతున్నారు. మధ్యాహ్నానికి 1934 అమ్మకం దొరికింది, దాని వెనక 1911 పంపకం, దాని వెనక అసలు పట్టా. కౌంటర్లో అమ్మాయి ఈయన్ని లాయరు అనుకుంది. ఈయన కాదనలేదు.

సెక్షన్ నంబరు చేతికి వచ్చాక ఫైలు బయటకి లాగడానికి పెద్దావిడకి పది నిమిషాలు పట్టలేదు.

ఆ ఫైలు గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. మొదటి కాగితం, ఆస్ట్రియా చక్రవర్తికి ఇక విధేయుడిని కానని, భూమికి దరఖాస్తు పెట్టిన మా ఆయన పూర్వీకుడు చేసిన ప్రమాణం. చివరిది 1877లో ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళ సాక్ష్యం: ఇల్లు 14 అడుగులకి 16, తలుపు ఒకటి, కిటికీలు రెండు, బావి ఉంది, 40 ఎకరాలు దున్నారు. మధ్యలో 1874 మిడతల దండు పంట తినేసిన సంవత్సరం. 1876లో ఆయన జ్వరంతో పోయాడు. చట్టం ప్రకారం భార్య గడువు పూర్తి చేసి పట్టా తీసుకోవచ్చు. ఆవిడ తీసుకుంది. పట్టా కోసం ఆవిడ ఇచ్చిన కాగితంలో గుమాస్తా రాసింది ఒక పేరు. కింద ఆవిడ తన చేత్తో పెట్టిన సంతకం ఇంకో పేరు, చివర "ఓవా" అని. చెక్ ఆడవాళ్ళ ఇంటిపేరు అలాగే ఉంటుందని పెద్దావిడ చెప్పింది. సిరా ఒత్తి రాసిన చోట కాగితం వెనక్కి పొంగింది, స్కాన్లో కూడా తెలుస్తోంది. మా అమ్మాయి నుంచి లెక్కేస్తే ఆరో తరం మనిషి. మా అమ్మమ్మ నలభై ఏళ్ళు వ్యవసాయం చేసింది. పాస్‌పుస్తకంలో ఆవిడ పేరు ఏనాడూ లేదు. అది నాకు ఆ గదిలో గుర్తొచ్చింది, ఎందుకో బయటికి వచ్చి కాసేపు నిలబడ్డాను.

ఇంకో సంగతి పెద్దావిడే చెప్పింది, నేను అడగకుండానే. ఆ నేల అంతకు ముందు అక్కడి మూలవాసులు ఓటో-మిస్సోరియా, పానీ జాతులవాళ్ళది. 1881లో ఓటో-మిస్సోరియా వాళ్ళని ఇప్పటి ఓక్లహోమాకి పంపేశారు. సంఘం ఇచ్చే ప్రతి ఫైలు పైన ఆ పేరా ఒకటి అంటించి ఇస్తారు. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించాం, ఆ పేరా కూడా పక్కన పెట్టాం. తీసేస్తే బాగుంటుందని ఒక బంధువు అన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు.

సర్టిఫికెట్‌కి ప్రతి తరానికీ కాగితం కావాలి. పుట్టుక, పెళ్ళి, చావు. ఇక్కడ అడ్డం తగిలింది మా పెళ్ళి కాగితం. మా ఊరి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు కాగితం తెలుగులో ఉంటే, లింకన్ ఊళ్ళో ఉండే ఒక తెలుగు తమ్ముడు రాత్రి కూర్చుని అనువాదం చేసి, నోటరీ దగ్గరికి కూడా తనే తీసుకెళ్ళాడు. డబ్బులు ఇస్తానంటే "గోంగూర పచ్చడి పెట్టండక్కా" అన్నాడు. పెట్టాను.

బాబాయిగారూ, మీరు గుంటూరు వెళ్ళిపోయారు, పట్టా కాపీ కొరియర్లో వస్తోంది, పట్టండి. కౌంటర్లో నాలుగుసార్లు అవే పుస్తకాలు విసుక్కోకుండా మోసిన ఆ అమ్మాయికి, ఇప్పుడు ఆ పొలం చేస్తున్న రైతుకి కూడా నమస్కారాలు. మొక్కజొన్న కోసేదాకా ఆగి, అప్పుడు మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి పాత బావి పూడ్చిన చోటు చూపించాడు.

పెద్దావిడకి మొదటిసారి సున్నుండలు తీసుకెళ్ళాను. ఆవిడ గసగసాలు పెట్టిన కొలాచీలు (చెక్‌వాళ్ళ తీపి బన్నులు) ఇచ్చింది. చెట్లు లేని ఆ మైదానాల్లో పాతకాలంవాళ్ళు ఎండిన పేడతో పొయ్యి వెలిగించేవాళ్ళని చెప్పి, నేను మొహం చిట్లిస్తానేమోనని చూసింది. మా అమ్మమ్మ గోడకి పిడకలు కొట్టేదని, వాటి మీద వేళ్ళ గుర్తులు ఉండేవని చెప్పాను. ఐదు వేళ్ళూ చాపి, ఇలాగా అని బల్ల మీద కొట్టి చూపించింది. అలాగే అన్నాను.

నిన్న ఫోన్ చేసి ఆ సున్నుండల డబ్బా ఇంకోటి కావాలంది. మినుములు వేయించడం అయింది. శనివారం తెస్తున్నా.