ప్రజాధనంతో వైద్యం: లెక్క ఎక్కడ ఆగాలి?

సంపాదకులకు,

నమస్కారం.

వైద్యానికి ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టాలన్న చర్చ సాధారణంగా డబ్బు ఉందా లేదా అన్న దగ్గర మొదలై అక్కడే ముగిసిపోతుంది. నిజానికి ఖజానా ఎంత నిండుగా ఉన్నా అందరికీ అన్ని చికిత్సలూ అందించగలిగిన ప్రభుత్వం ఎక్కడా లేదు. అందుచేత దేనికి ముందు, ఎవరికి ముందు, ఎవరికి కాదు అన్న నిర్ణయం ఎవరో ఒకరు చేసే తీరాలి. పైకి చెప్పినా చెప్పకపోయినా ఆ నిర్ణయం వెనుక ఒక నీతి సిద్ధాంతం ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏ చికిత్స వల్ల ఎంత మేలో లెక్క వేయడం తప్పనిసరి. ఏ మనిషి ప్రాణం ఎంత విలువైనదో లెక్క వేసే అధికారం మాత్రం ప్రజాధనాన్ని పంచేవారికి లేదు.

ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని డయాలసిస్ చరిత్ర స్పష్టంగా చూపిస్తుంది. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు రోగి చేతి రక్తనాళాలకు అమర్చి ఉంచే గొట్టాన్ని రూపొందించడంతో, అంతవరకు కొద్ది రోజులకే పరిమితమైన డయాలసిస్ మూత్రపిండాలు పూర్తిగా పాడైనవారిని ఏళ్ళ తరబడి బతికించే చికిత్సగా మారింది. యంత్రాలు కొన్నే, రోగులు ఎందరో. వైద్యపరంగా అర్హులైనవారిలో యంత్రం ఎవరికి దక్కాలో తేల్చడానికి ఏడుగురితో ఒక కమిటీ వేశారు. వయసు, ఆదాయం, ఉద్యోగం, చదువు, పెళ్ళి, పిల్లలు, చివరికి చర్చితో ఉన్న అనుబంధం కూడా ఆ కమిటీ పరిశీలనకు వచ్చాయి. 1962లో ఒక పత్రిక ఈ సంగతి బయటపెట్టినప్పుడు పెద్ద దుమారమే రేగింది. ఆ సభ్యులు దుర్మార్గులని నేను అనను. సమాజానికి ఎవరు ఎక్కువ ఉపయోగపడతారని వారు నిజాయితీగానే ఆలోచించి ఉంటారు. అయితే ఆ ప్రశ్న వేసుకున్నాక, ఒంటరివాడు, చదువులేనివాడు, పని దొరకనివాడు వరుసలో వెనక్కు పోక తప్పదు.

ఎక్కువ మందికి ఎక్కువ మేలు చేసేదే సరైనదనే ఉపయోగితావాదం మీద ఇదే ప్రధానమైన ఆక్షేపణ. అలాగని ఆ సిద్ధాంతాన్ని తోసిపుచ్చడం అన్యాయం. ఉన్న డబ్బుతో వీలైనంత ఎక్కువ మందికి వీలైనంత ఎక్కువ మేలు జరగాలన్న దాని పట్టుదల లేకపోతే టీకాలకూ, రక్షిత మంచినీటికీ ప్రభుత్వాలు ఇచ్చిన ప్రాధాన్యానికి సమర్థన దొరకడం కష్టం. మశూచిని ప్రపంచం నుంచి నిర్మూలించినట్లు 1980లో ప్రకటించగలిగారంటే అది ఆ రకమైన ఆలోచన ఫలితమే. చిక్కల్లా లెక్కను ఒంటరిగా వదిలేసినప్పుడే వస్తుంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం పేదల వైద్య పథకం కోసం వ్యాధి, చికిత్స జంటలను ఖర్చు, ఫలితాల ప్రకారం వరుసలో పేర్చినప్పుడు, 1990 నాటి తొలి జాబితాలో పంటికి తొడుగు వేయడం, గర్భాశయం వెలుపల గర్భం ఏర్పడినప్పుడు చేసే శస్త్రచికిత్స కంటే పైన నిలిచింది. ఆ శస్త్రచికిత్స జరగకపోతే తల్లి ప్రాణానికే ముప్పు. కూడికలో తప్పేమీ లేదు: ఒక ఆపరేషన్‌కు అయ్యే ఖర్చుతో ఎన్నో పళ్ళకు తొడుగులు వేయవచ్చు, ఎందరో పొందే చిన్న చిన్న ఉపశమనాలు కలిసి ఒక ప్రాణాన్ని మించిపోతాయి. ఆ జాబితాను చూసి ఒరెగాన్ అధికారులే పద్ధతి మార్చుకున్నారు. సవరించిన ప్రణాళిక కూడా వికలాంగుల జీవితాన్ని తక్కువగా చూస్తోందంటూ 1992లో కేంద్ర ప్రభుత్వం తిరస్కరించింది. మరిన్ని మార్పుల తర్వాత 1994లో గాని అది అమలులోకి రాలేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది, ఎవరి సంపాదన మీద వారికే హక్కు అనే స్వేచ్ఛావాదం. సంపాదన మీద వేసే పన్ను వెట్టిచాకిరితో సమానమని అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో వాదించారు. ఆ దృష్టిలో రోగికి సాయం చేయడం దాతృత్వం కావచ్చు గాని, ఇతరుల నుంచి బలవంతంగా వసూలు చేసి చేసే సాయం న్యాయం కాదు. పన్ను కట్టేవారికి సంజాయిషీ చెప్పాలన్నంతవరకు ఈ వాదనలో బలం ఉంది. కానీ అంటువ్యాధి ఇంటి గోడల దగ్గర ఆగదు. పైగా ఏ జబ్బు ఎప్పుడు వస్తుందో రోగికి ముందు తెలియదు, ఏ చికిత్స అవసరమో తానుగా తేల్చుకోలేడు కాబట్టి వైద్యం మామూలు సరుకులా అమ్ముడుపోదని ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1963లోనే వివరించారు.

నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించేది తత్వవేత్త జాన్ రాల్స్ న్యాయ సిద్ధాంతాన్ని వైద్యానికి అన్వయించిన మరో తత్వవేత్త నార్మన్ డేనియల్స్ వాదన. రాల్స్ తన సిద్ధాంతంలో ఆరోగ్యాన్ని విడిగా చర్చించలేదు. అవకాశాల్లో సమానత్వం ఉండాలన్న ఆయన సూత్రాన్ని పట్టుకుని డేనియల్స్ 1985లో ఇలా వాదించారు: జబ్బు మనిషికి సహజంగా అందవలసిన అవకాశాలను మూసివేస్తుంది, కనుక వాటిని తిరిగి తెరిచే వైద్యం సమాజం దయతో ఇచ్చేది కాదు, ఇవ్వవలసినది. దీని ప్రకారం రోగి తనకు ఏం ఉపయోగమో ఇతరుల ముందు రుజువు చేసుకోనక్కరలేదు.

చేజేతులా తెచ్చుకున్న జబ్బుకు మేమెందుకు కట్టాలని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. పొగతాగేవారి గురించీ, మద్యం తాగేవారి గురించీ ఈ మాట తరచూ వినబడుతుంది. తమ తప్పు లేకుండా కష్టాల పాలైనవారికే పరిహారం దక్కాలనే సమానతావాదుల్లో కొందరు దీనికి తాత్విక బలం కూడా ఇచ్చారు. నిర్లక్ష్యంగా బండి నడిపి గాయపడినవాణ్ణి రోడ్డు పక్కనే వదిలేసే సమానత్వం ఏం సమానత్వమని తత్వవేత్త ఎలిజబెత్ ఆండర్సన్ 1999లో వేసిన ప్రశ్నకు వారి దగ్గర సంతృప్తికరమైన జవాబు లేదని నా నమ్మకం. తప్పెవరిదో తేల్చే పని మొదలైతే ఆసుపత్రిలో అడ్మిషన్ కాగితం నేర విచారణగా మారుతుంది. పొగాకు మీద పన్ను వేయండి, అది వేరే సంగతి. మంచం మీద ఉన్నవాడి గతాన్ని తవ్వకండి.

డేనియల్స్ వాదనకూ ఒక హద్దు ఉంది. అన్ని అవసరాలూ తీర్చలేనప్పుడు ఏది ముందన్నది ఆ సూత్రం ఒక్కటే చెప్పలేదు. ఇక్కడ లెక్క తిరిగి అవసరమవుతుంది, చికిత్సల మధ్య. థాయ్‌లాండ్ 2002లో అందరికీ వైద్య పథకం తెచ్చినప్పుడు ఖర్చు భరించలేమని డయాలసిస్‌ను చేర్చలేదు. ఖర్చుకు తగిన ఫలితం రాదని లెక్క చెబుతున్నా, కుటుంబాలు ఆస్తులు అమ్ముకుని అప్పులపాలవుతున్నాయన్న కారణంతో 2008లో చేర్చింది. లెక్క చూసి, దాన్ని దాటడానికి కారణం కూడా చెప్పగలగడం నాకు గౌరవించదగినదిగా తోస్తుంది. బ్రిటన్‌లో కొత్త మందులను మదింపు చేసే నైస్ సంస్థ కూడా తన తీర్పులకు కారణాలు ప్రచురిస్తుంది, వాటిపై అప్పీలుకు వీలిస్తుంది. కాదనిపించుకున్న రోగికి చికిత్స దక్కకపోయినా కారణమైనా దక్కాలి. కారణాలు బహిరంగంగా ఉండాలనీ, పునఃపరిశీలనకు దారి ఉండాలనీ డేనియల్స్ తర్వాతి కాలంలో వైద్యుడు జేమ్స్ సాబిన్‌తో కలిసి చెప్పినది ఇదే.

కాబట్టి నాదొక విన్నపం. వైద్య కేటాయింపుల వార్తలు ప్రచురించేటప్పుడు ఎంత పెంచారు, ఎంత తగ్గించారు అన్నదానితో పాటు, ఏ చికిత్సను ఎందుకు చేర్చలేదు, ఆ నిర్ణయం ఎవరు చేశారు, కాదనిపించుకున్నవారు ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలు కూడా మీ విలేకరులు అధికారులను అడిగి, వచ్చిన సమాధానాలను యథాతథంగా ముద్రించాలని కోరుతున్నాను.

భవదీయ,
ఒక పాఠకురాలు